కొవ్వుకు దారి చూపే ప్రోటీన్లు

నూనె, నీరు కలవవన్నది వంటింట్లో ప్రతిరోజూ కంటికి కనిపించే సంగతే. చారులో వేసిన పోపు నూనె బొట్లుబొట్లుగా పైన తేలుతుందే గాని చారులో కరగదు. తామరాకు మీది మైనపు పూత తనపై పడిన నీటిబొట్టును నిలవనీయదు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో పదింట తొమ్మిది వంతులు నీరే కాబట్టి, ఈ వైరం మనిషి ఒంట్లోనూ తప్పదు. తిన్న తిండిలోని కొవ్వు పదుల గ్రాముల లెక్కన ఆ నీటి ప్రవాహంలోకి దిగుతున్నా, అది పైకి తేలి తెట్టు కట్టకుండా, గడ్డలుగా పేరుకొని సన్నని నాళాలను మూసివేయకుండా, కండరానికి ఇంధనంగానూ కణపు పొరలకు ముడిసరుకుగానూ చేరుతున్నదంటే, దాన్ని నీటిలో నడిపించే యంత్రాంగం ఒకటి ఉండి తీరాలి. ఆ యంత్రాంగానికి ఆయువుపట్టు అపోలిపోప్రోటీన్లు అనే ప్రోటీన్ల సముదాయం.

కొవ్వు రక్తంలో ఒంటరిగా తిరగదు. లిపోప్రోటీన్లనే అతి సూక్ష్మమైన గోళాకార రేణువుల్లో ఇమిడి ప్రయాణిస్తుంది. ఆ రేణువు గర్భంలో నీటిని ఏమాత్రం సహించని రెండు పదార్థాలు ఉంటాయి: శరీరం ఇంధనంగా వాడుకునే ట్రైగ్లిజరైడ్లు, కొవ్వు ఆమ్లంతో జతకట్టి ఉన్న కొలెస్ట్రాల్. వాటి చుట్టూ ఫాస్ఫోలిపిడ్లనే అణువులు, తలలు నీటివైపూ తోకలు కొవ్వువైపూ పెట్టుకొని, ఒకే వరుసలో పెంకులాగా అమరి ఉంటాయి. ఆ పెంకును చుట్టుకొనో, అందులో సగం మునిగో ఉండే ప్రోటీన్లే అపోలిపోప్రోటీన్లు. 'అపో' అనేది 'విడిగా' అన్న అర్థమిచ్చే గ్రీకు ఉపసర్గ. రేణువులోని కొవ్వునంతా కడిగివేయగా విడిగా మిగిలిన ప్రోటీన్ భాగం కనుక ఆ పేరు స్థిరపడింది. వీటిలో చాలావాటి నిర్మాణంలో ఒక చిత్రమైన ఏర్పాటు కనిపిస్తుంది: మెలికలు తిరిగిన గొలుసుకు ఒక పక్కన నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలు, మరొక పక్కన నీటితో చెలిమి చేసేవి వరుసగా అమరి ఉండడం వల్ల, ఒకే ప్రోటీన్ ఒక చెంపను కొవ్వుకు ఆనించి మరొక చెంపను నీటికి చూపగలుగుతుంది.

అయితే కొవ్వును నీటిలో తేల్చి ఉంచడంతోనే వీటి పని ముగిసిపోదు. రేణువు ఏ అవయవం దగ్గర ఆగాలో, అక్కడ ఏ ఎంజైమ్ దానిని తాకాలో, చివరకు ఏ కణం దానిని లోపలికి లాగుకోవాలో నిర్ణయించేది కూడా ఈ ప్రోటీన్లే. లోపలి కొవ్వు ఎక్కడైనా రసాయనికంగా ఒకే రకం కొవ్వు; దాని గతిని నిర్ణయించేది మాత్రం పైనున్న ప్రోటీన్. వైద్యశాస్త్రం చాలాకాలం రేణువులోని సరుకును, అంటే కొలెస్ట్రాల్‌ను, కొలుస్తూ వచ్చింది గాని, ఆ సరుకును మోసేవారి మీద తగినంత దృష్టి పెట్టలేదు. ఆ లోటు నేటికీ పూర్తిగా తీరలేదు.

ఈ రేణువుల ఉనికి బయటపడింది 1929లో. ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న మిషెల్ మాషెబ్యూఫ్ గుర్రపు సీరం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేయగా, అందులో దాదాపు 40 శాతం కొవ్వే ఉన్నా అది నీటిలో తేటగా కరిగింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు అమెరికాలోని బర్క్‌లీలో జాన్ గాఫ్‌మన్ బృందం, నిమిషానికి వేలవేల చుట్లు తిరిగే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో ప్లాస్మాను తిప్పి, రేణువులను వాటి సాంద్రతను బట్టి విడదీసింది. నేడు రక్తపరీక్ష కాగితాల మీద కనిపించే పేర్లు ఆ యంత్రం నుంచి పుట్టినవే: అత్యల్ప సాంద్రత గలవి వీఎల్‌డీఎల్, అల్ప సాంద్రత గలవి ఎల్‌డీఎల్, అధిక సాంద్రత గలవి హెచ్‌డీఎల్, వీటన్నిటికన్నా తేలికైనవి, భోజనం తరువాత పేగునుంచి వెలువడే కైలోమైక్రాన్లు. ప్రయోగశాలకు ఈ పేర్లు ఎంతో ఉపకరించాయి, కాని సాంద్రత రేణువు ఏ ఎత్తున తేలుతుందో చెబుతుందే తప్ప ఎక్కడికి వెళ్తుందో చెప్పదు. ఆ సంగతి గ్రహించిన ఓక్లహోమా పరిశోధకుడు పీటర్ అలౌపోవిచ్, రేణువులను వాటి ప్రోటీన్లను బట్టి వర్గీకరించాలని వాదించి, ఏ, బీ, సీ అంటూ అక్షరాలు కేటాయించే పద్ధతిని ప్రవేశపెట్టారు. అపో-ఏ1, అపో-బీ, అపో-సీ2 వంటి నేటి పేర్లకు మూలం అదే.

ఈ సముదాయంలో అన్నిటికన్నా పెద్దది, వ్యాధి దృష్ట్యా అన్నిటికన్నా ముఖ్యమైనది అపో-బీ. కాలేయంలో తయారయ్యే దాని పూర్తి రూపంలో 4,536 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మానవ శరీరంలోని అతి పొడవైన ప్రోటీన్ గొలుసుల్లో ఇది ఒకటి. చిన్నపేగులో తయారయ్యే అపో-బీలో మాత్రం 2,152 అమైనో ఆమ్లాలే ఉంటాయి, అంటే మొదటిదానిలో సుమారు 48 శాతం. అందుకే మొదటిదానిని అపో-బీ100 అనీ, రెండవదానిని అపో-బీ48 అనీ పిలుస్తారు. విశేషమేమంటే ఈ రెండింటికీ జన్యువు ఒకటే. జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలు అయిన తరువాత, పేగు కణాల్లోని ఒక ఎంజైమ్ ఆ నకలులో ఒకే ఒక్క అక్షరాన్ని మారుస్తుంది. ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే 'సీఏఏ' అనే మూడక్షరాల సంకేతం, 'ఇక్కడితో ఆపు' అని చెప్పే 'యూఏఏ'గా మారుతుంది. నడుస్తున్న వాక్యం మధ్యలో ఎవరో చుక్క పెట్టినట్టు ప్రోటీన్ అక్కడితో ఆగిపోతుంది. 1987లో ఈ సంగతి వెల్లడైనప్పుడు, జన్యువులో రాసి ఉన్నదే తుదిమాట అన్న నమ్మకానికి పెద్ద సవాలు ఎదురైంది. పరిణామక్రమంలో ఈ ఏర్పాటు ఎందుకు నిలిచిందో కూడా ఊహించవచ్చు: కణాలు ఎల్‌డీఎల్‌ను పట్టుకునే కొక్కెం అపో-బీ రెండవ సగంలో ఉంది, పేగునుంచి వచ్చే రేణువులకు ఆ కొక్కెం లేకపోవడం వల్ల, అవి ముందుగా కండరాలకు, కొవ్వు కణజాలానికి ఇంధనాన్ని అందించి, ఆపైన కాలేయాన్ని వేరొక దారిన చేరుతాయి.

అపో-బీ లేకపోతే ఏమవుతుందన్నది అరుదైన కొన్ని వంశపారంపర్య వ్యాధులు చూపిస్తాయి. అపో-బీ గొలుసు తయారవుతున్నప్పుడే దానికి కొవ్వును అందించే సహాయక ప్రోటీన్ ఒకటి ఉంది. ఆ సహాయకం లోపించినవారిలో రేణువు నిర్మాణమే జరగదు. దీనిని అబీటాలిపోప్రోటీనీమియా అంటారు. అలాంటి పసిబిడ్డలు తిన్న కొవ్వును రక్తంలోకి ఎక్కించుకోలేక విరేచనాలతో చిక్కిపోతారు, వారి ఎర్ర రక్తకణాలు ముళ్ళు మొలిచినట్టు కనిపిస్తాయి, కొవ్వుతోపాటు ప్రయాణించవలసిన ఇ-విటమిన్ అందక నాడులూ కంటి రెటీనా దెబ్బతింటాయి. వ్యాధిని వేళకు గుర్తించి ఇ-విటమిన్‌ను పెద్ద మోతాదుల్లో ఇస్తే ఆ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. కొవ్వు అంటేనే శత్రువుగా భావించే కాలంలో ఈ బిడ్డల స్థితి గుర్తుంచుకోదగినది.

మితిమీరితే వచ్చే ముప్పు ఇంతకన్నా ఎంతో విస్తృతమైనది. కాలేయం నుంచి వీఎల్‌డీఎల్‌గా బయలుదేరిన రేణువు దారిలో ట్రైగ్లిజరైడ్లను దించుకుంటూ చిక్కిపోయి, చివరకు కొలెస్ట్రాల్ మాత్రమే ప్రధానంగా మిగిలిన ఎల్‌డీఎల్‌గా మారుతుంది. దానిని రక్తంనుంచి తొలగించే గ్రాహకాలు, అంటే కణపు పొర మీద రేణువును గుర్తించి పట్టుకునే ప్రోటీన్లు, ప్రధానంగా కాలేయంలో ఉంటాయి. వాటిని కనుగొని, అవి లోపించినవారికి చిన్నవయసులోనే గుండెపోటు ఎందుకు వస్తుందో వివరించినందుకు డాలస్ నగరానికి చెందిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. గ్రాహకాలు ఎంత సవ్యంగా ఉన్నా, అపో-బీలో వాటికి తగిలే చోట ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పట్టు జారిపోయి ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంది. అలా రోజుల తరబడి తిరిగే రేణువులు ధమని లోపలి పొర సందుల్లోకి దూరినప్పుడు, అపో-బీ మీద ఉన్న ధనావేశం గల భాగాలు అక్కడి ఋణావేశం గల చక్కెర గొలుసులకు అతుక్కుంటాయి. అతుక్కున్న రేణువు చెడి, దానిని మింగడానికి వచ్చిన రక్షక కణాలు కొవ్వుతో ఉబ్బి, ఏళ్ళ తరబడి అక్కడ పేరుకుపోయిన ముద్ద ఒకనాడు చిట్లితే గుండెపోటో పక్షవాతమో వస్తుంది. ఈ గొలుసుకట్టు సంఘటనల్లో మొదటి మెట్టు ధమని గోడకు అపో-బీ అతుక్కోవడమే.

ఇక్కడే లెక్కకు సంబంధించిన ఒక కీలకమైన విషయం ఉంది. హెచ్‌డీఎల్‌లోని ప్రోటీన్లు ఒక రేణువు నుంచి మరొకదానికి మారగలవు గాని, అపో-బీ తాను పుట్టిన రేణువును విడిచిపెట్టదు. పైగా ఒక రేణువుకు ఒకటే అపో-బీ ఉంటుంది. కాబట్టి రక్తంలో అపో-బీ ఎంత ఉందో కొలిస్తే, ధమనులకు హాని చేయగల రేణువులు ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. సాధారణ పరీక్షలో చెప్పే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ అంకె ఆ రేణువుల్లోని సరుకు బరువు మాత్రమే. రేణువులు పెద్దవిగా, నిండుగా ఉన్నవారిలో ఈ రెండు కొలతలూ ఒకే మాట చెబుతాయి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండి, మధుమేహమో నడుం చుట్టూ కొవ్వో ఉన్నవారిలో మాత్రం ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, కొలెస్ట్రాల్ తక్కువగా ఉండి, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. అటువంటివారి కాగితంలో ఎల్‌డీఎల్ అంకె నిశ్చింతగా కనిపిస్తుంది. ధమని గోడను తాకే రేణువుల గుంపు మాత్రం పెద్దదే.

భారతీయులకు ఈ తేడా పుస్తకాలకే పరిమితమైన సూక్ష్మం కాదు. భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు 12 శాతానికి మించలేదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారు దాదాపు 30 శాతం, హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారు 72 శాతం. సరుకును తూచి రేణువుల సంఖ్యను ఊహించే పద్ధతి ఎక్కువగా పొరబడేది సరిగ్గా ఇలాంటి రక్తంలోనే. 52 దేశాల్లో దాదాపు 30,000 మందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడినప్పుడు, గుండెపోటుకు దారితీసే కారణాల్లో పొగతాగడం కన్నా ముందు నిలిచింది అపో-బీకి, అపో-ఏ1కి మధ్య నిష్పత్తి. అదే అధ్యయనంలోని దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్ళు. ఇతరులకు దాదాపు 59. యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో, అత్యధిక ముప్పు ఉన్నవారికి అపో-బీ డెసిలీటరుకు 65 మిల్లీగ్రాముల లోపు, అధిక ముప్పు ఉన్నవారికి 80 లోపు ఉండాలని లక్ష్యాలు నిర్దేశించింది. వరి అన్నమే ప్రధానాహారమై, పిండిపదార్థాల మిగులును కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చే అవకాశం ఎక్కువగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో ఈ పరీక్ష ఇంకా ప్రత్యేకంగా అడిగితే తప్ప చేయనిదిగా మిగిలిపోవడం విచారకరం.

అపో-సీ వర్గంలోని ప్రోటీన్లు చిన్నవి, అయినా రేణువులోని ట్రైగ్లిజరైడ్లు ఎప్పుడు దిగాలో చెప్పే అధికారం వాటిదే. రక్తకేశనాళికల లోపలి గోడకు అతుక్కొని ఉండే లిపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కణాలకు అందిస్తుంది; అపో-సీ2 దానిని పనిలోకి దింపుతుంది, అపో-సీ3 దానిని వెనక్కు లాగుతుంది. అపో-సీ2 పుట్టుకతోనే లోపించిన ఒక రోగిని 1978లో కెనడా వైద్యులు వర్ణించారు: రక్తహీనతకని రక్తం ఎక్కించగానే అతడి ట్రైగ్లిజరైడ్లు అనూహ్యంగా పడిపోవడంతో, దాత రక్తంలో ఉండి ఇతడి రక్తంలో లేనిదేదో ఉందని వారు గ్రహించగలిగారు. ఇటువంటివారి ప్లాస్మా పాలలాగా తెల్లబడి ఉంటుంది. క్లోమం వాచి ప్రాణం మీదికి రావడం వారికున్న ప్రధానమైన ప్రమాదం.

అపో-సీ3 కథ ఇందుకు సరిగ్గా తలకిందులు. 2008లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతపు ఆమిష్ ప్రజల్లో సుమారు 5 శాతం మందికి ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయడం లేదని తేలింది. వారి ట్రైగ్లిజరైడ్లు తక్కువ, గుండె ధమనుల్లో సున్నం పేరుకోవడమూ తక్కువ. 2014 నాటికి వేర్వేరు జనసమూహాల పరిశీలనలో, ఇటువంటి లోపం ఉన్నవారికి హృద్రోగ ముప్పు 40 శాతం తక్కువని వెల్లడైంది. అయితే రెండు ప్రతులూ చెడినవారు ఆరోగ్యంగా ఉంటారా అన్న ప్రశ్నకు సమాధానం పాకిస్తాన్‌లో దొరికింది. దగ్గరి బంధువులను పెళ్ళాడే ఆచారం ఉన్న అక్కడి ఒక కుటుంబంలో భార్యాభర్తలిద్దరికీ ఈ జన్యువు పూర్తిగా పనిచేయకపోవడంతో వారి తొమ్మిదిమంది పిల్లలకూ అదే సంక్రమించింది. వారికి కొవ్వు దండిగా ఉన్న ఆహారమిచ్చి చూస్తే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరగనే లేదు, ఆరోగ్యానికి లోటూ కనబడలేదు. 2017లో ప్రచురితమైన ఈ ఫలితం తెలుగువారు ప్రత్యేకంగా గమనించదగినది, ఎందుకంటే మేనరికాలు తరతరాలుగా సాగుతున్న సమాజాల్లో వంశపారంపర్య వ్యాధులే కాక, ఇటువంటి రక్షక లోపాలు కూడా రెండు ప్రతుల్లో బయటపడే అవకాశం ఎక్కువ. అపో-సీ3 ఆర్‌ఎన్‌ఏను అడ్డుకొని ఆ లోపాన్ని మందుతో అనుకరించే ఒలెజార్సెన్‌కు, కైలోమైక్రాన్లు వంశపారంపర్యంగా పేరుకుపోయే వ్యాధికి చికిత్సగా, అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతి లభించింది.

అపో-ఏ1 హెచ్‌డీఎల్‌కు వెన్నెముక. కణాల్లో మిగులుగా ఉన్న కొలెస్ట్రాల్‌ను స్వీకరించి కాలేయానికి తిరిగి చేర్చే పనిలో ఇది మొదటి అడుగు వేస్తుంది. ఆ కొలెస్ట్రాల్‌ను కణపు పొర దాటించి అపో-ఏ1కు అందించే ప్రోటీన్ లోపించినప్పుడు వచ్చే వ్యాధికి, అమెరికాలోని చెసపీక్ అఖాతంలో ఉన్న టాంజియర్ ద్వీపం పేరు స్థిరపడింది. 1960ల తొలినాళ్ళలో అక్కడి ఇద్దరు తోబుట్టువుల టాన్సిళ్ళు పసుపు కలిసిన నారింజ రంగులో ఉండడం చూసిన వైద్యులు, వారి రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు శూన్యమని కనుగొన్నారు. బయటికి పంపవలసిన కొలెస్ట్రాల్ టాన్సిళ్ళలో, ప్లీహంలో పోగుపడినందువల్ల వచ్చిన రంగు అది. ఇందుకు భిన్నమైన సంగతి ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున ఉన్న లిమోనే అనే చిన్న ఊరిలో ఎదురైంది. అక్కడి కొందరిలో అపో-ఏ1 173వ స్థానంలోని అమైనో ఆమ్లం మారి ఉంది. వారి హెచ్‌డీఎల్ చాలా తక్కువ, అయినా వారికి గుండెజబ్బులు ఎక్కువగా రావడం లేదు. 1980లో మిలాన్ పరిశోధకులు వర్ణించిన ఈ 'మిలానో' రూపం హెచ్‌డీఎల్‌ను మందుగా మార్చవచ్చునన్న గొప్ప ఆశను రేపింది.

ఆ ఆశ ఏమైందన్నది దాచకుండా చెప్పవలసిన విషయం. హెచ్‌డీఎల్ అంకెను పెంచే టోర్సెట్రాపిబ్ అనే మందు తీసుకున్నవారిలో మరణాలు పెరగడంతో 2006 చివర ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది. పుట్టుకతోనే హెచ్‌డీఎల్‌ను పెంచే జన్యుభేదం ఉన్నవారికి గుండెపోట్లు ఏమీ తగ్గలేదని 2012లో తేలింది. మిలానో రూపాన్ని నరంలోకి ఎక్కించగా 2003లో ధమనుల్లోని పూడిక కొద్దిగా తగ్గినట్టు కనిపించినా, తరువాతి ప్రయోగం ఆ ఫలితాన్ని నిలబెట్టలేదు. సాధారణ అపో-ఏ1ను గుండెపోటు వచ్చినవారికి ఎక్కించి 18,000 మందికి పైగా రోగులపై జరిపిన ప్రయోగం కూడా 2024లో ఆశించిన మేలు చూపలేకపోయింది. 'మంచి కొలెస్ట్రాల్' అన్న మాట జనంలో ఇంకా బలంగా ఉంది గాని, హెచ్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్ మోతాదు మంచికి కారణం కాదు. ఎక్కువ సందర్భాల్లో అది ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉన్నాయనడానికి, జీవక్రియ సవ్యంగా సాగుతోందనడానికి ఒక గుర్తు మాత్రమే.

అపో-ఈ గురించి తెలిసినంత విస్తృతంగా మిగిలినవాటి గురించి తెలియదు, ఎందుకంటే అది గుండె నుంచి మెదడు దాకా వ్యాపించిన ప్రోటీన్. 299 అమైనో ఆమ్లాల ఈ గొలుసులో 112వ, 158వ స్థానాల్లో ఉన్నవాటిని బట్టి మనుషుల్లో మూడు రూపాలు కనిపిస్తాయి: రెండుచోట్లా సిస్టీన్ ఉంటే ఈ2, ఒకచోట సిస్టీన్, మరొకచోట ఆర్జినీన్ ఉంటే ఈ3, రెండుచోట్లా ఆర్జినీన్ ఉంటే ఈ4. లోకంలో ఎక్కువమందిలో ఉన్నది ఈ3. పని ముగించుకున్న రేణువుల అవశేషాలను కాలేయం పట్టుకొనేది అపో-ఈ ఆధారంగానే. ఈ2 ఆ గ్రాహకాలకు సరిగా అతుక్కోదు. తల్లినుంచి, తండ్రినుంచి ఈ2నే పొందినవారు నూటికి ఒకరు ఉంటారు గాని, వారిలో కొద్దిమందికే, అదీ మధుమేహమో థైరాయిడ్ లోపమో తోడైనప్పుడే, అవశేష రేణువులు పేరుకుపోయే వ్యాధి వస్తుంది. వారి అరచేతి గీతల్లో పసుపురంగు కొవ్వు నిలవడం అనుభవజ్ఞుడైన వైద్యుడు చూడగానే గుర్తించగల చిహ్నం.

రక్తంలోని లిపోప్రోటీన్లు మెదడులోకి దాటిపోలేవు కాబట్టి, మెదడు తనకు కావలసిన అపో-ఈని తానే తయారుచేసుకుంటుంది. 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం, వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తిని హరించే అల్జైమర్స్ వ్యాధికీ ఈ4కీ సంబంధం ఉందని వెల్లడించింది. వారు పరిశీలించిన కుటుంబాల్లో ఈ4 ప్రతులు లేనివారికి వ్యాధి మొదలయ్యే సగటు వయసు 84 కాగా, రెండు ప్రతులు ఉన్నవారికి 68. ఈ4 ఉంటే వ్యాధి వచ్చి తీరుతుందని దీని అర్థం కాదు. రెండు ప్రతులు ఉండి కూడా నిండు వయసు వరకు చురుకుగా జీవించేవారు ఉన్నారు. అయినా ఆ సమాచారపు బరువు చిన్నది కాదు: డీఎన్‌ఏ నిర్మాణాన్ని ఆవిష్కరించిన జేమ్స్ వాట్సన్ తన జన్యువులన్నిటినీ బహిరంగంగా ప్రచురించడానికి అంగీకరిస్తూనే, అపో-ఈ ఒక్కదానిని మాత్రం వెల్లడించవద్దని కోరారు. ఇప్పుడు ఈ ప్రశ్న చికిత్సలోకి కూడా వచ్చింది. అల్జైమర్స్‌కు ఇచ్చే లెకానెమాబ్ అనే మందు వల్ల మెదడులో వాపు, రక్తస్రావం కలిగే ప్రమాదం రెండు ఈ4 ప్రతులు ఉన్నవారికి ఎక్కువ కాబట్టి, మందు మొదలుపెట్టే ముందు జన్యుపరీక్ష అవసరమవుతుంది.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లోనూ, అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రాంతంలోనూ ఒకే పద్ధతిలో జరిగిన పరిశోధనలో, భారతీయ గ్రామాల్లో ఈ4 తక్కువగా ఉండడమే కాక అల్జైమర్స్ కూడా తక్కువగా కనిపించింది; ఈ4కూ వ్యాధికీ ఉన్న సంబంధపు బలం మాత్రం రెండుచోట్లా సుమారుగా ఒకటే. ఇంత హాని చేసే రూపం మానవజాతిలో ఇన్నాళ్ళు ఎలా నిలిచింది? నిజానికి ఈ4 కొత్తగా పుట్టుకొచ్చినది కాదు, మానవుల పూర్వరూపం అదే. ఈ3, ఈ2 తరువాత వచ్చినవి. బొలీవియా అడవుల్లో నివసించే చిమానే ప్రజల్లో, పరాన్నజీవుల బెడద ఎక్కువగా ఉన్నవారిని చూస్తే, ఈ4 ఉన్నవారి మేధాశక్తి తగ్గకుండా నిలిచిందని, కొంత మెరుగ్గా కూడా ఉందని 2017లో గమనించారు. అంటే పరాన్నజీవుల లోకంలో కాపు కాసినదే, శుభ్రమైన నీరు, దీర్ఘాయుష్షు వచ్చిన లోకంలో భారమైంది. అపో-ఈలోనే ఉన్న మరొక అరుదైన మార్పు ఇంకా ఆశ్చర్యకరమైనది. కొలంబియాలో నలభై ఏళ్ళ ప్రాయంలోనే మతిమరుపు తెచ్చే మరొక జన్యుదోషం ఉన్న పెద్ద వంశంలో, ఒక స్త్రీకి డెబ్భై ఏళ్ళ ప్రాయం దాకా ఆ లక్షణాలు రాలేదు. ఆమె మెదడు నిండా వ్యాధికి గుర్తైన అమైలాయిడ్ పేరుకొని ఉన్నా, ఆమెకున్న అపో-ఈ3లో క్రైస్ట్‌చర్చ్ అనే మార్పు రెండు ప్రతుల్లోనూ ఉండడమే ఆ రక్షణకు కారణమని 2019లో పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ ఒక్క మెదడు చూపిన దారిని అనుకరించే చికిత్సల కోసం ఇప్పుడు అన్వేషణ సాగుతోంది.

లిపోప్రోటీన్-ఏ అని పిలిచే రేణువు మరొక తరహాది. 1963లో నార్వే పరిశోధకుడు కోరె బెర్గ్ కనుగొన్న ఇది, ఎల్‌డీఎల్ రేణువులోని అపో-బీకి 'చిన్న ఏ' అనే మరొక ప్రోటీన్ గంధకపు బంధంతో అతుక్కోగా ఏర్పడుతుంది. ఆ అదనపు ప్రోటీన్, రక్తపు గడ్డలను కరిగించే ప్లాస్మినోజెన్‌కు జ్ఞాతి. గడ్డలను కరిగించే శక్తి మాత్రం దానికి లేదు. లోకంలో సుమారు ఐదుగురిలో ఒకరికి దీని మోతాదు డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములను మించి ఉంటుంది. దక్షిణాసియా వారిలో ఆ పాలు యూరోపియన్ల కన్నా ఎక్కువ. గుండెపోటుతోపాటు, బృహద్ధమని కవాటం సున్నం కట్టి బిగుసుకుపోవడానికీ ఇది కారణమవుతుంది. తిండి మార్చినా, వ్యాయామం చేసినా, స్టాటిన్ మాత్రలు వేసుకున్నా దీని మోతాదు దాదాపు తగ్గదు, ఎందుకంటే అది ప్రధానంగా జన్యువుల నిర్ణయం. అందుకే జీవితంలో ఒక్కసారి పరీక్షిస్తే సాధారణంగా సరిపోతుంది. పొగతాగని, సన్నగా ఉండే, కొలెస్ట్రాల్ అంకెలు బాగున్న నలభై ఏళ్ళ మనిషికి గుండెపోటు వచ్చిన ఇళ్ళలో ఈ పరీక్ష మిగిలినవారందరికీ చేయించడం అత్యవసరం.

కొవ్వుతో నిమిత్తం లేకుండానే ప్రాణాన్ని కాపాడే అపోలిపోప్రోటీన్ కూడా ఒకటి ఉంది. హెచ్‌డీఎల్ రేణువుల మీద ప్రయాణించే అపో-ఎల్1, రక్తంలో ఈదే ట్రిపనోసోమా అనే ఏకకణ పరాన్నజీవి లోపలికి చేరి, దాని పొరకు రంధ్రాలు చేసి చంపివేస్తుంది. ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధిని తెచ్చే రెండు రకాల ట్రిపనోసోమాలు మాత్రం దీని నుంచి తప్పించుకునే ఉపాయం నేర్చాయి. అందుకు ఎదురుగా పశ్చిమాఫ్రికా ప్రజల్లో అపో-ఎల్1కు జీ1, జీ2 అనే రెండు కొత్త రూపాలు వ్యాపించాయి. ఒక ప్రతి ఉంటే పరాన్నజీవి నుంచి కాపు దొరుకుతుంది, రెండు ప్రతులు కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు ఎన్నోరెట్లు పెరుగుతుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి ఈ రెండు ప్రతులు ఉన్నాయనీ, వారిలో మూత్రపిండ వైఫల్యం ఎక్కువగా ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణమనీ 2010లో తెలిసింది.

భారతదేశంలో ట్రిపనోసోమా ఇవాన్సీ అనే రకం గేదెలకు, ఎద్దులకు, గుర్రాలకు, ఒంటెలకు సర్రా వ్యాధిని తెస్తుంది; జోరీగలు కుట్టినప్పుడు పశువు నుంచి పశువుకు వ్యాపిస్తుంది. ఈ పశువుల మధ్యనే తరతరాలుగా బతుకుతున్నా మనిషికి ఆ జబ్బు అంటదు, ఎందుకంటే మనిషి రక్తంలోని అపో-ఎల్1 ఆ పరాన్నజీవిని దిగిన వెంటనే చంపివేస్తుంది. తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాలో 2004లో ఒక రైతు వచ్చిపోయే జ్వరంతో బాధపడుతూ ఆస్పత్రికి వచ్చినప్పుడు, అతడి రక్తంలో కదులుతున్న ట్రిపనోసోమాలను చూసిన వైద్యులు ఆశ్చర్యపోయారు. సురామిన్ అనే మందుతో అతడికి నయమైంది. 2006లో ప్రచురితమైన పరిశోధన కారణాన్ని చూపింది: అతడి అపో-ఎల్1 జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి, రక్తంలో ఆ ప్రోటీన్ బొత్తిగా లేదు. ప్రయోగశాలలో తయారుచేసిన అపో-ఎల్1ను అతడి సీరంలో కలిపి చూడగా, అంతవరకు అందులో హాయిగా బతికిన పరాన్నజీవులు చచ్చిపోయాయి.